జ్వరంలో వేసిన ముఖం

వారం రోజులుగా అక్క తన చెల్లెలి ఎడమచేతిని దొంగచూపులు చూస్తోంది. టీ పోస్తుంటే చూస్తోంది, తలుపు గొళ్లెం తీస్తుంటే చూస్తోంది, కాన్వాసు బిగించడానికి మేకులు కొడుతుంటే చూస్తోంది. ఇరవై రెండేళ్లుగా ఒకే ఇంట్లో మసలుతున్న మనిషి చేతిని ఇప్పుడు కొత్తగా చూడాల్సి రావడానికి కారణం కిందటి మంగళవారం వచ్చిన ఫోను.

కథ అప్పటికి ఎక్కడుందో ఒక్కసారి నెమరు వేసుకుందాం. దేశం కాని దేశానికి ఒకే ఒక్క పెట్టెతో వచ్చి, మనుషుల ముఖాలు వేసి పేరు తెచ్చుకున్న మన అక్క గౌరవార్థం నగర చిత్రశాల వాళ్లు పెద్ద ప్రదర్శన పెడుతున్నారు. నడిమధ్య గోడ మొత్తం 'లిఫ్టు తాత' బొమ్మకే ఇచ్చారు. అక్కాచెల్లెళ్లు మొదట అద్దెకు దిగిన మేడలో లిఫ్టు నడిపిన ముసలాయన బొమ్మ అది. కొత్తగా వలస వచ్చిన కళాకారులకు పెట్టిన పోటీలో దానికి మొదటి బహుమతి వచ్చింది. బహుమతి అంటే పతకం కాదు, అక్కా ఆమె మీద ఆధారపడిన చెల్లెలూ ఆ దేశంలో ఉండిపోవడానికి అనుమతి పత్రం. ఆ బొమ్మే లేకపోతే తాను లేనని పత్రికలవాళ్లతో అక్క ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్కలేదు.

ఆ బొమ్మకో కథ కూడా ఉంది. అక్క నోట ఆ కథ విననివాళ్లు ఆ ఊళ్లో తక్కువ. గడువు రేపనగా తాత ముఖం కుదరక, కోపమొచ్చి, ముఖం వరకూ కత్తితో గీకేసింది. అప్పటికే ఒళ్లు పెనంలా కాలిపోతోంది. మంచం మీద పడింది. మర్నాడు కళ్లు తెరిచేసరికి బొమ్మలో ముఖం ఉంది! జ్వరంలోనే లేచి, ఒళ్లు తెలియకుండా వేసేసిందట. కళ అంటే అదీ అని విన్నవాళ్లు తలలూపేవారు. అక్క కూడా వినయంగా తల వంచుకునేది.

ప్రదర్శనకు ముందు పాత బొమ్మల్ని శుభ్రం చేయడానికి చిత్రశాలలో ఒకాయన ఉన్నాడు. అందరూ ఆయన్ను బొమ్మల డాక్టరు అంటారు. తాత ముఖం మీద గోధుమరంగుకు తిరిగిన వార్నిష్‌ను దూదితో తుడిచి తీశాక ఆయన అక్కకు ఫోను చేశాడు. కుడిచేతివాళ్లు నీడ వేస్తే గీత పైన కుడి నుంచి కింద ఎడమకు జారుతుంది. ఈ ముఖంలో ఒక్క గీతా అలా లేదు, అన్నీ ఎదురు వాలులో ఉన్నాయి. అంటే ఇది ఎడమచేతివాటం మనిషి పని. "మేడమ్, ఇది మీ బొమ్మకు ఎవరో చేసిన నకలేమోనని నా భయం," అన్నాడు.

అక్కకు తెలిసిన ఎడమచేతివాటం మనిషి, తన పద్ధతులన్నీ తెలిసిన మనిషి ఒక్కతే. పైగా అయిదేళ్ల కిందట బొమ్మ యజమానురాలి ఇంట్లో మరమ్మతులు జరిగినప్పుడు, లిఫ్టు తాత మూడు నెలలు అక్క స్టూడియోలోనే పెట్టెలో ఉన్నాడు. తాళంచెవి చెల్లెలి దగ్గర ఉంది. ఇక అనుమానానికి ఏం తక్కువ? ప్రతి బుధవారం చెల్లెలు ఎక్కడికో వెళ్లి సాయంత్రానికి వస్తోంది. కుంచె మానేసి ఇరవయ్యేళ్లయిన మనిషి కోటుకు రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసన ఎందుకు వస్తుంది? స్టూడియోలో పని చేస్తుంది కాబట్టి అని మనం సర్దిచెప్పవచ్చు. కానీ ఆ కోటు ఆమె స్టూడియోలో ఎప్పుడూ వేసుకోదు. అక్క అది కూడా గమనించింది.

ఈ ఉదయం బొమ్మల డాక్టరు రమ్మంటే అక్క కావాలనే చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. బొమ్మను చూసినప్పుడు చెల్లెలి ముఖంలో రంగులెలా మారతాయో చూడాలని ఆమె పట్టుదల.

శుభ్రం చేసే గది నేలమాళిగలో ఉంది. పొడవాటి బల్ల, దాని మీద మెత్తటి దుప్పటి, దుప్పటి మీద లిఫ్టు తాత. పక్కనే గాజు సీసాలు, దూది చుట్టిన పుల్లలు, భూతద్దం. తాత నీలం కోటు మీద, ఒళ్లో పెట్టుకున్న చేతుల మీద పాత వార్నిష్ ఇంకా మడ్డిగానే ఉంది. ముఖం ఒక్కటే అప్పుడే స్నానం చేయించి కూర్చోబెట్టినట్టు మెరుస్తోంది.

"యజమానురాలు పైన ఆఫీసులో కూర్చున్నారు మేడమ్. ఆవిణ్ణి తీసుకొస్తాను," అన్నాడు డాక్టరు. "ఈలోగా మీరు స్థిమితంగా చూడండి, ముట్టుకోవద్దు. ఇదిగో కాగితం. ఇది మీరు వేసిందో కాదో ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి చాలు. కాదంటే మాత్రం ఆవిడ ఊరుకోరు, కేసు పెడతానంటున్నారు."

వెళ్తూ వెళ్తూ చెల్లెలి వైపు ఒక చూపు విసిరాడు. ఆ చూపు అక్కకు నచ్చలేదు. ఆయనకూ తెలిసిపోయిందా అనుకుంది.

తలుపు మూసుకోగానే ఇద్దరూ తమ భాషలోకి వచ్చేశారు.

"గడ్డం కింద నీడ చూడు," అంది అక్క.

చెల్లెలు వంగి చూసింది. "చూశాను."

"గీతలు ఎటు వాలాయి?"

"ఎటు వాలాలో అటే వాలాయి."

"వెటకారాలు వద్దు. సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పు. అసలు బొమ్మ ఎక్కడ పెట్టావు?"

చెల్లెలి ముఖంలో రంగులు మారలేదు. ఆమె తాత ముఖాన్నే చూస్తోంది, చాలాకాలానికి కనిపించిన చుట్టాన్ని చూసినట్టు. ఆ నిమ్మళం చూసి అక్కకు ఒళ్లు మండింది.

"నిన్నేనే! బుధవారం బుధవారం ఎక్కడికి పోతున్నావు?"

"ఈ మాట అడగడానికి నీకు ఎన్ని బుధవారాలు పట్టిందో తెలుసా అక్కా? నాలుగేళ్లు. నేను ఇంట్లో లేనని నీకు కిందటి వారమే తెలిసింది."

"మాట మార్చకు."

"మార్చడం లేదు. పాత మార్కెట్ వెనక దర్జీ దుకాణం ఉంది చూడు, దాని మేడమీద గది తీసుకున్నా. బొమ్మలు వేసుకుంటున్నా."

"ఏం బొమ్మలు?"

"ముఖాలు."

అక్కకు కావలసిన సాక్ష్యం చేతికి దొరికింది. దొరికినందుకు సంతోషం మాత్రం కలగలేదు. పక్కనున్న ఎత్తు స్టూలు మీద కూలబడింది. "అయితే నువ్వే. నా ఇంట్లో ఉండి, నా దగ్గర పని నేర్చుకుని, నా బొమ్మకే నకలు చేశావు. ఏం తక్కువ చేశానే నీకు? ఎవరికి అమ్ముకున్నావు అసలుదాన్ని?"

"నకలయితే వెనక కూడా నకలే ఉండాలి కదా," అంది చెల్లెలు. "తిప్పి చూడు."

"డాక్టరు ముట్టుకోవద్దన్నాడు."

"ఆయన నీ సంతకం కోసం ఎదురుచూస్తున్న మనిషి. నువ్వు ముట్టుకుంటే ఏం అనడులే. అటు పట్టు."

చెరో వైపూ పట్టుకుని బొమ్మను నెమ్మదిగా లేపి, అంచు మీద నిలబెట్టి, వెనక వైపు దీపం కిందకు తిప్పారు. అలా కాన్వాసులు ఇద్దరూ కలిసి కొన్ని వందలు తిప్పి ఉంటారు. ఎవరు ముందు ఎత్తాలో ఎవరు తర్వాత దించాలో చెప్పుకోవాల్సిన అవసరం ఇప్పుడూ రాలేదు. వెనక బిగించిన చెక్కను డాక్టరు అప్పటికే విప్పేశాడు. లోపలి గుడ్డ కనబడుతోంది.

అది కాన్వాసు కాదు, కర్టెన్ గుడ్డ. ఆ రోజుల్లో ఎదురింటివాళ్లు పారేస్తే తెచ్చుకున్న దళసరి గుడ్డ. పన్నా చాలక రెండు ముక్కలు కలిపి కుట్టాల్సి వచ్చింది. గుడ్డ నడుమ నిలువునా ఆ కుట్టు ఉంది. మూడు కుట్లు ముందుకు, ఒకటి వెనక్కి, అక్కడో చిన్న ముడి. మళ్లీ మూడు ముందుకు. వాళ్లమ్మ కుట్టే తీరు అది. ఇద్దరు కూతుళ్లలో పెద్దదానికే అబ్బింది. చిన్నది సూది పట్టుకుంటే వేలికి గుచ్చుకోవడమే తప్ప గుడ్డకు గుచ్చుకున్నది లేదు.

అక్క వేలితో ఆ ముడులను తడుముకుంటూ కిందిదాకా వెళ్లింది. చివర్లో దారం చాలక నల్లదారం బదులు నీలం దారం ఎక్కించింది. అది కూడా అలాగే ఉంది.

"ఇది నా కుట్టు," అంది.

"నీదే."

"అయితే ఇది..."

"అసలుదే అక్కా. ఉన్నది ఇదొక్కటే. నకలూ లేదు, గికలూ లేదు."

అక్క మనసు ఒక్క క్షణం తేలికపడింది. చెల్లెలు దొంగ కాదు! వారం రోజుల బరువు దిగిపోయింది. ఆ తేలికదనం రెండో క్షణానికి నిలవలేదు. బొమ్మ అసలుదే అయితే, అందులో ఎడమచేతి గీతలు ఎలా వచ్చాయి?

ఆమె అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది. చెల్లెలు ఎదురుచూసి, ఇక అడగదని తెలిశాక తనే మొదలుపెట్టింది.

"మధ్యాహ్నం రెండింటికి నువ్వు ముఖం గీకేసి పడుకున్నావు. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికల్లా బొమ్మ ఇవ్వాలి. నిన్ను లేపి చూశాను, ఒళ్లెరగవు. కిందికి వెళ్లి తాతను బతిమాలాను. ఆయన లిఫ్టుకు తాళం వేసి పైకి వచ్చి, నువ్వు కూర్చోబెట్టిన కుర్చీలోనే కూర్చున్నాడు. మెట్లెక్కాల్సి వచ్చినవాళ్లంతా కింద నుంచి తిట్టిపోశారు. పొద్దుగూకేవరకూ కదలకుండా కూర్చున్నాడు పాపం."

"అబద్ధం," అంది అక్క. ఆ మాటలో బలం లేదు.

"నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. నీ కాగితాల మీద వచ్చినదాన్ని. నువ్వు ఓడిపోతే ఇద్దరం పెట్టె సర్దుకోవాలి. నేను కళ కోసం వేయలేదే తల్లీ, భయంతో వేశాను."

"మరి నేనే వేశానని చెప్పావు కదా! నేను లేవగానే నువ్వే కదా చెప్పావు, జ్వరంలో లేచి వేశావు అక్కా అని!"

"చెప్పాను. పోటీ నీ పేరు మీద ఉంది. నిజం తెలిస్తే నువ్వు ఆ బొమ్మను పంపవని భయపడ్డా. ఎలాగూ ఒక్క రోజు మాటే కదా అనుకున్నా. బహుమతి వచ్చాక చెబుదామనుకున్నా. వచ్చాక నువ్వు పత్రికలవాళ్ల ముందు కూర్చుని ఆ జ్వరం కథ చెప్పడం మొదలుపెట్టావు. నీ కళ్లు మెరుస్తుంటే మధ్యలో ఎలా చెప్పమంటావు?"

అక్క బొమ్మను మళ్లీ ముఖం వైపు తిప్పింది. ఈసారి ఒక్కతే తిప్పుకుంది. తన పాత బొమ్మను ఆమె ఈ ఇరవై రెండేళ్లలో ఎన్నిసార్లు చూసింది? మూడుసార్లో నాలుగుసార్లో. ఎప్పుడూ యజమానురాలి హాల్లో, జనం మధ్య, పది అడుగుల దూరంలో నిలబడి. అయిదేళ్ల కిందట మూడు నెలలు తన స్టూడియోలోనే ఉంటే కనీసం పెట్టె మూత తీయలేదు. ఏ చిత్రకారుడైనా అలా చేస్తాడా? వార్నిష్ నల్లబడిందని, తీరిక లేదని తనకు తానే చెప్పుకుంది. దగ్గరికి వెళ్లి చూడటానికి భయం వేసిందా? అప్పుడే తనకు ఏదో తెలుసా? ఇంతదాకా చెల్లెలి మీదున్న అనుమానం ఇప్పుడు తన మీదికే తిరిగింది, దానికి మాత్రం జవాబు చెప్పేవాళ్లు లేరు.

ముఖం చాలా బాగుంది. ఆ మాట ఒప్పుకోక తప్పదు. తాత ఒక కన్ను కొద్దిగా చిన్నది, అటువైపు పెదవి కొస కూడా కొంచెం దిగి ఉంది. రోజంతా ఎవరి అంతస్తుకు వాళ్లను చేర్చి తాను మాత్రం ఎక్కడా దిగని మనిషి విసుగూ ఓర్పూ రెండూ అందులో ఉన్నాయి. ఆ తర్వాత తాను వేసిన ఏ ముఖంలోనూ అది రాలేదని అక్కకు తెలుసు. విమర్శకులు కూడా మర్యాదగా అదే రాసేవారు.

"ఇంత వచ్చినదానివి మరెందుకు మానేశావు?" అంది చివరికి.

చెల్లెలు నవ్వింది. వారం రోజుల్లో నవ్వడం అదే మొదలు, కానీ అది చూడదగ్గ నవ్వు కాదు.

"నిజంగా గుర్తులేదా? బహుమతి వచ్చిన మరుసటేడు. పక్క ఫ్లాటు నర్సమ్మ బొమ్మ వేసి నీకు చూపించా. నువ్వు తల అటూ ఇటూ వాల్చి చూసి ఏమన్నావో చెప్పనా? 'నీ చేతిలో ముఖం పలకదే. నువ్వు కాన్వాసులు బిగించు, అది బాగా చేస్తావు,' అన్నావు."

అక్కకు నిజంగానే గుర్తులేదు. గుర్తులేకపోవడమే ఎక్కువ సిగ్గుగా అనిపించింది.

"అన్నాక వెళ్లి పడుకున్నావు. నేను ఆ బొమ్మను గీకేశాను. మన ఇంట్లో గీకడం అలవాటే కదా," అంది చెల్లెలు. వెంటనే గొంతు మారిపోయింది. "ఇది నీకు చెప్పాలని కాదక్కా ఇవాళ వచ్చింది. నన్ను దొంగన్నావు కాబట్టి చెప్పా. నువ్వొక్కదానివి తెలుసుకుంటే చాలు. ఊరికి తెలియక్కర్లేదు."

"మరి ఆ కాగితం మీద ఏం రాయను?"

"నీదని రాసెయ్."

"ఆ డాక్టరు నమ్మడు. గీతలు కళ్లారా చూశాడు. నావి ఇంకో ముప్పై బొమ్మలు పక్కన పెట్టి పోల్చి చూశాడట."

"కాదని రాస్తే నేను జైలుకు. నిజం రాస్తే..." చెల్లెలు ఆగిపోయింది. అక్క మిగతాది తనే పూరించుకుంది. నిజం రాస్తే ప్రదర్శన ఉండదు. జ్వరం కథ విని తలలూపినవాళ్లంతా పకపకా నవ్వుతారు. పోటీలో మోసం జరిగిందని తేలితే ఆనాటి అనుమతి పత్రం కూడా మోసమే అవుతుంది. యాభై ఏళ్ల వయసులో ఎక్కడికని వెళ్తుంది? అయినా కలం తీసింది. ఇన్నేళ్లూ ఆ చేత్తో సంతకాలు చేసింది, ఇవాళ ఒక నిజం రాస్తే రాయనీ అనుకుంది. అలా అనుకున్నప్పుడు ఆమె నిజంగానే అనుకుంది, మనం అనుమానించనక్కర్లేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. తలుపు తెరుచుకుంది. ముందు డాక్టరు, ఆయన వెనక బొమ్మ యజమానురాలు. పెద్ద సబ్బుల ఫ్యాక్టరీ నడిపే మనిషి, ఎవరినీ నిలబడి మాట్లాడనివ్వదు, తాను మాత్రం కూర్చోదు.

"ఏం తేలింది?" అంది వచ్చీ రాగానే. "మా హాల్లో ఇన్నాళ్లూ నేను అతిథులకు చూపించింది అసలుదా, కాదా?"

అక్క కలం కాగితానికి ఆనించింది. 'ఈ బొమ్మ' అని రాసింది.

"కాదండీ," అంది చెల్లెలు.

ఈసారి తమ భాషలో కాదు. ఆ గదిలో అందరికీ అర్థమయ్యే భాషలో, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "ఇది నేను చేసిన నకలు. అయిదేళ్ల కిందట మీ బొమ్మ మా స్టూడియోలో ఉన్నప్పుడు చేశాను. మా దగ్గర పాత గుడ్డ ముక్కలు చాలా ఉన్నాయి. మా అక్క పద్ధతులన్నీ నాకు తెలుసు."

డాక్టరు చేతిలోని భూతద్దం బల్ల మీద పెట్టేశాడు. యజమానురాలు ఒక్క అడుగు ముందుకు వేసింది.

"అసలుది ఏది?"

"లేదు. కాల్చేశాను."

ఆ మాటకు యజమానురాలి ముఖం పాలిపోయింది. దొంగతనమైతే ఎక్కడో ఒకచోట దొరుకుతుందన్న ఆశ ఉంటుంది. ఎప్పుడూ లేని బొమ్మను కాల్చేశానని చెబుతున్న మనిషి దగ్గర ఇక వెతకడానికేం ఉంటుంది?

"మీ చెల్లెలు చెప్పింది విన్నారా?" యజమానురాలు అక్క వైపు తిరిగింది. "ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. ఈ సంగతి మీకు ముందే తెలుసా?"

చెల్లెలు అక్కనే చూస్తోంది. అక్కకు ఆ చూపు అర్థమైంది. 'ఆగు, అది అబద్ధం చెబుతోంది' అని అక్క ఎక్కడ అంటుందోనన్న భయం కాదది. ఎప్పుడు అంటుందా అన్న ఎదురుచూపు. తానే ముందుకొచ్చి మెడ వంచినా, తన అక్క ఆ కత్తి పడనివ్వదని ఎక్కడో ఓ మూల ఆశ పెట్టుకున్న చూపు. ఇరవై రెండేళ్లలో ఆమె అక్కను అడిగింది అదొక్కటే. అదీ నోటితో అడగలేదు.

రాయడం మొదలుపెట్టిన కాగితం అక్క చేతి కింద ఉంది. రెండు మాటలున్నాయి, మిగతాదంతా ఖాళీ.

"తెలియదు," అంది అక్క.

చెల్లెలు కళ్లు దించుకుంది. డాక్టరు తలుపు దగ్గరికి వెళ్లి, గొళ్లెం వేసి, "పోలీసులు వచ్చేదాకా మీరిక్కడే ఉండాలమ్మా," అన్నాడు. ఆయన చెప్పింది చెల్లెలికే అయినా, అక్క కూడా స్టూలు మీద నుంచి కదలలేదు.